బి.ఎడ్. కళాశాల మనం చేరకముందే చెప్పి తీరవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బి.ఎస్సీ. పూర్తిచేసిన మీ చెల్లెలికి బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చింది. దగ్గరలో ఉన్న రెండు ప్రైవేటు బి.ఎడ్. కళాశాలలకు వెళ్ళి అధ్యాపకులు ఎందరు, ఏ మెథడాలజీలు (ఒక్కో సబ్జెక్టును బోధించే పద్ధతి నేర్పే పాఠ్యాంశాలు) ఉన్నాయి, ఫీజు కాక ఇంకేమి కట్టాలి అని అడిగారు. ఒకచోట "సీటు వచ్చాక రండి, అన్నీ చెబుతాం" అన్నారు. రెండోచోట రంగుల కరపత్రం చేతిలో పెట్టి పంపారు. చేరకముందే ఇవన్నీ అడిగే హక్కు మనకు ఉందా, వాళ్ళు ఏయే వివరాలు చెప్పి తీరాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. హక్కు ఉంది. నిజానికి అడగవలసిన అవసరమే ఉండకూడదు. ఎన్‌సీటీఈ, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, గుర్తింపు ఉన్న ప్రతి కళాశాలా తన సీట్లు, అధ్యాపకులు, విద్యార్థులు, ఫీజు, వసతుల వివరాలను వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టి, ఎప్పటికప్పుడు మార్చుతూ ఉండాలి. ఇది 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనల్లోనే ఉంది. అక్కడ తప్పుడు సమాచారం పెట్టినా, సగం సమాచారం పెట్టినా గుర్తింపు రద్దు చేయడానికి అదే కారణం కావచ్చని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి "సీటు వచ్చాక చెబుతాం" అన్న మాటకు చట్టంలో చోటు లేదు.

ఇది తెలిసినంత మాత్రాన పని జరగదు. ఆ పేజీని చదవడం వేరే విద్య. ఇరవై రెండేళ్ళు బి.ఎడ్. కళాశాలల్లో పనిచేశాను, చివరి ఆరేళ్ళు ప్రిన్సిపాల్‌గా. ఆ పేజీలు నా చేతి మీదుగా తయారయ్యాయి గనుక ఏ గడి ఎలా నిండుతుందో, ఏ గడి ఎందుకు ఖాళీగా మిగులుతుందో తెలుసు.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటిసారి ఆ పేజీ తయారుచేసినప్పుడు యాజమాన్యం ఇచ్చిన అధ్యాపకుల జాబితాలో పదహారు పేర్లు ఉన్నాయి. మా స్టాఫ్‌రూములో కుర్చీలు ఏడు. మిగతా తొమ్మిది మందిని నేను ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే చూశాను. వాళ్ళలో ఇద్దరికి లైబ్రరీ ఏ అంతస్తులో ఉందో నేనే దారి చూపించాను. అయినా ఆ పదహారు పేర్లూ నేనే టైపు చేయించాను. రెండేళ్ళ తర్వాత ఆ కళాశాల వదిలేశాను గానీ, ఆ రెండేళ్ళలో ఆ జాబితా చూసి చేరిన పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

గుర్తింపు ఉత్తర్వు

అన్నిటికంటే ముందు చూడవలసిన కాగితం ఇదే. 1993 నాటి ఎన్‌సీటీఈ చట్టం ప్రకారం ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే సంస్థకు ఆ మండలి గుర్తింపు ఉండాలి. గుర్తింపు లేనిదే విశ్వవిద్యాలయం అనుబంధం ఇవ్వకూడదు, పరీక్షలు జరపకూడదు. గుర్తింపు లేని చోట చదివి తెచ్చుకున్న పట్టా ప్రభుత్వ పాఠశాలల్లో గానీ ఎయిడెడ్ పాఠశాలల్లో గానీ ఉద్యోగానికి పనికిరాదు. రెండేళ్ళ చదువూ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉంటుంది.

వెబ్‌సైటులో ఆ ఉత్తర్వు నకలు ఉండాలి. చాలా కళాశాలలు పెడతాయి కూడా, కానీ చదవడానికి వీలు లేనంత మసకగా స్కాన్ చేసి పెడతాయి. మసకగా ఉంటే అసలు ప్రతి చూపించమని అడగండి. అందులో మూడు చూడాలి. మొదటిది, ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు అన్నది. బి.ఎడ్.లో యాభై మందిని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. సాధారణంగా ఒక యూనిట్ గానీ రెండు గానీ ఉంటాయి. రెండోది చిరునామా. గుర్తింపు ఆ స్థలానికి, ఆ భవనానికి ముడిపడి ఉంటుంది. ఎన్‌సీటీఈ అనుమతి తీసుకోకుండా కళాశాలను వేరే భవనంలోకి మార్చకూడదు. ఉత్తర్వులో ఒక ఊరు, మీరు వెళ్ళిన భవనం ఇంకో ఊరిలో ఉంటే అక్కడే ఆగి కారణం అడగండి. మూడోది తేదీ. 2015 కంటే ముందు నుంచీ నడుస్తున్న కళాశాల అయితే పాత ఉత్తర్వుతో పాటు 2015లో ఇచ్చిన సవరించిన ఉత్తర్వు కూడా ఉండాలి. 2015–16 నుంచి బి.ఎడ్. ఏడాది కోర్సు నుంచి రెండేళ్ళ కోర్సుగా మారింది. ఆ మార్పుకు అనుగుణంగా పాత కళాశాలలకు కొత్త ఉత్తర్వులు ఇచ్చారు. పాతదొక్కటే చూపిస్తే కొత్తది ఏమైందని అడగాలి.

కళాశాల చూపించిన కాగితంతో సరిపెట్టుకోకండి. ఎన్‌సీటీఈ వెబ్‌సైటులో గుర్తింపు పొందిన సంస్థల జాబితా ఉంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దక్షిణ ప్రాంతీయ కమిటీ కిందికి వస్తాయి. ఆ కమిటీ సమావేశాల నిర్ణయాలు కూడా అక్కడే పెడతారు. ఏ కళాశాలకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది, ఎవరి గుర్తింపు రద్దయింది అన్నవి వాటిలో కనిపిస్తాయి. చదవడానికి విసుగు పుట్టించే పత్రాలే, కాదనను. కళాశాల పేరు పెట్టి వెతికితే పది నిమిషాల పని. ఈ మధ్య ఇది మరీ అవసరమైంది. కళాశాలలు ఏటా తమ పనితీరు నివేదికను ఎన్‌సీటీఈకి సమర్పించాలి. 2021–22, 2022–23 నివేదికలు ఇవ్వని వాటికి నోటీసులు వెళ్ళాయి, గుర్తింపు పోగొట్టుకున్నవీ ఉన్నాయి.

రద్దు ఉత్తర్వు వచ్చిందని తెలిస్తే కంగారు పడకండి గానీ లెక్క వేసుకోండి. చట్టం ప్రకారం రద్దు వెంటనే అమలులోకి రాదు. ఉత్తర్వు అందిన తర్వాత వచ్చే విద్యాసంవత్సరం ముగిసినప్పటి నుంచి అమలవుతుంది. ఈలోగా కళాశాల అప్పీలుకు వెళ్ళవచ్చు, కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకోవచ్చు. స్టే మీద నడుస్తున్న కళాశాల ఆ సంగతి మీకు తానై చెప్పదు. మీ చెల్లెలి రెండేళ్ళూ ఆ అమలు తేదీ లోపల పూర్తవుతాయా లేదా అన్నది మీరే చూసుకోవాలి. పూర్తికావు అనిపిస్తే, ఎంత దగ్గరైనా ఆ కళాశాల జోలికి వెళ్ళవద్దని నా సలహా.

అధ్యాపకుల జాబితా

ఇక్కడ కాస్త నిదానిస్తాను. కళాశాల గుట్టంతా ఇందులోనే ఉంటుంది.

నిబంధనల ప్రకారం వెబ్‌సైటులో ప్రతి అధ్యాపకుడి పూర్తి పేరు, విద్యార్హతలు, వేతన స్కేలు, ఫొటో ఉండాలి. గడచిన మూడు నెలల్లో ఎవరు వెళ్ళిపోయారు, ఎవరు కొత్తగా చేరారు అన్నదీ ఉండాలి. పేరు ఎలా రాయాలో కూడా నిబంధన చెబుతుంది: పాఠశాల సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా, పూర్తిగా. ఇంత చిన్న విషయం ఎందుకు రాశారా అని మొదట్లో నాకూ అనిపించింది. తర్వాత అర్థమైంది. ఒకే మనిషి పేరు ఒక కళాశాల జాబితాలో ఇంటిపేరు ముందు పెట్టి, ఇంకో కళాశాలలో ఇంటిపేరును పొడి అక్షరం చేసి, మూడోచోట అసలు లేకుండా రాస్తారు. ముగ్గురు అధ్యాపకులు అయిపోతారు. సర్టిఫికెట్ పేరు రాయమనడం ఆ దొంగదారి మూయడానికే. కాబట్టి జాబితాలో అన్నీ పొడి అక్షరాలే కనిపిస్తే అనుమానించడం తప్పు కాదు.

ఎందరు ఉండాలి? రెండు యూనిట్లు, అంటే ఏటా వంద మంది చేరే కళాశాలకు పూర్తికాలపు అధ్యాపకులు పదహారు మంది ఉండాలి. ప్రిన్సిపాల్ ఒకరు, విద్యా తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వంటివి చెప్పేవారు నలుగురు, మెథడాలజీలకు ఎనిమిది మంది, వ్యాయామ విద్యకు ఒకరు, చిత్రకళ వంటి వాటికి ఒకరు, సంగీతం, నాటకం వంటి ప్రదర్శన కళలకు ఒకరు. ఒకే యూనిట్ అయితే ఎనిమిది మంది చాలు. మెథడాలజీ చెప్పేవారికి ఆ సబ్జెక్టులో పీజీ, దానితో పాటు ఎం.ఎడ్. ఉండాలి, రెండింటిలోనూ కనీసం 55 శాతం మార్కులతో.

ఈ లెక్క పెట్టుకుని కళాశాలకు వెళ్ళండి. అది కూడా ఇన్‌స్పెక్షన్లు, పరీక్షలు లేని మామూలు పనిదినాన, పదకొండు గంటల వేళ. తరగతుల టైంటేబుల్ నోటీసు బోర్డు మీద ఉందా, అందులోని పేర్లకూ వెబ్‌సైటులోని పేర్లకూ పోలిక ఉందా చూడండి. లోపలికి రానివ్వకపోతే బయట టీ దుకాణం దగ్గర రెండో ఏడాది విద్యార్థులు దొరుకుతారు. "మీకు గణితం మెథడాలజీ ఎవరు చెబుతారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. ఒకే పేరు పదిమందీ చెబితే ఆ మనిషి నిజంగా ఉన్నట్టు. ముఖముఖాలు చూసుకుని నవ్వితే మీకు జవాబు వచ్చేసినట్టే.

కళాశాల చెప్పిన జాబితాను సరిచూసుకోవడానికి ఇంకో మార్గం ఉంది. అధ్యాపకుల నియామకాన్ని విశ్వవిద్యాలయం ఆమోదించాలి. మా భాషలో దాన్ని ర్యాటిఫికేషన్ అంటాం. ఆ జాబితా విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంది కాబట్టి కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. వచ్చే ఏడాది చేరాలనుకునేవాళ్ళు మాత్రం ఇప్పుడే పెట్టుకోవచ్చు. కళాశాలకు న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే దాని కోసం సమర్పించిన స్వీయ అధ్యయన నివేదిక కూడా వెబ్‌సైటులో ఉంటుంది. అందులో ఏ ఏడాది ఎందరు అధ్యాపకులు ఉన్నారో పట్టికలు ఉంటాయి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

వేతన స్కేలు గడి గురించి ఒక మాట. నేను చూసినంతలో ఎక్కువ కళాశాలల్లో ఆ గడి ఖాళీగానో "నిబంధనల ప్రకారం" అనో ఉంటుంది. ఆ మాట వెనుక అధ్యాపకుడి చేతికి ఎంత వస్తుందో నాకు తెలుసు, చెప్పుకుంటే వాళ్ళ పరువే పోతుంది. జీతం సరిగా ఇవ్వని చోట మంచి అధ్యాపకుడు ఒక డీఎస్సీ, అంటే ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల దాకా ఉంటాడు, తర్వాత ఉండడు. మూడు నెలలకోసారి వచ్చిపోయినవారి వివరాలు పెట్టమన్నది అందుకే.

విద్యార్థుల జాబితా, సీట్లు

ఆ ఏడాది చేరిన విద్యార్థుల పేర్లు, అర్హత పరీక్షలోనూ ప్రవేశ పరీక్షలోనూ వచ్చిన మార్కులు, చేరిన తేదీ వెబ్‌సైటులో ఉండాలి. పిల్లల మార్కులు లోకమంతా చూడడం నాకు వ్యక్తిగతంగా నచ్చదు. అయినా ఆ పట్టిక వల్ల మీకు మేలే. చేరిన తేదీల గడి చూడండి. తరగతులు మొదలైన చాలాకాలం తర్వాతి తేదీలు కుప్పగా కనిపిస్తే సీట్లు చివరి దాకా నిండలేదని, మిగిలిన సీట్లను చివర్లో స్పాట్ అడ్మిషన్లతో నింపారని అర్థం. సీట్లు నిండకపోవడం నేరమేమీ కాదు. అలాంటి చోట తరగతి ఎలా నడుస్తుందో మాత్రం విడిగా కనుక్కోండి.

ఫీజు

ఫీజు వివరాలు వెబ్‌సైటులో పెట్టడం కూడా తప్పనిసరే. రెండు రాష్ట్రాల్లోనూ కళాశాలవారీగా ఫీజును ప్రభుత్వ యంత్రాంగమే నిర్ణయిస్తుంది. తెలంగాణలో అడ్మిషన్లు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఆ పని చూస్తాయి. ప్రభుత్వ ఉత్తర్వులో ఆ కళాశాల పేరు ఎదురుగా ఎంత ఉందో చూసి, కళాశాల చెప్పిన మొత్తంతో పోల్చండి. తేడా ఎక్కడ వస్తుందో నేను చెప్పగలను: రికార్డుల ఫీజు, ప్రాక్టికల్స్ ఫీజు, లెసన్ ప్లాన్ల ఫీజు, ఇంటర్న్‌షిప్ ఫీజు. ఇవన్నీ నోటి మాటగానే చెబుతారు, రసీదు ఉండదు. "ట్యూషన్ ఫీజు కాక రెండేళ్ళలో ఇంకా ఏయే పేర్లతో ఎంత కట్టాలో కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. రాసివ్వడానికి వెనకాడే మొత్తం కట్టనక్కరలేని మొత్తమే. క్యాపిటేషన్ ఫీజు వసూలును నిషేధిస్తూ 1983లోనే మనకు చట్టం వచ్చిందని గుర్తుంచుకోండి. మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే యాజమాన్యం తానే నింపుకునే సీట్లలో చేరేవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఇది చెప్పకుండా "ఫీజు ప్రభుత్వమే కడుతుంది" అని చేర్చుకున్న సందర్భాలు నేను చూశాను.

ఇక్కడే యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు కూడా అక్కరకు వస్తాయి. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం కోసం 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలూ, వాటి అనుబంధ కళాశాలలూ ప్రవేశాలు మొదలయ్యే తేదీకి కనీసం అరవై రోజుల ముందే ప్రాస్పెక్టస్ ప్రచురించాలి. సీట్ల సంఖ్య, అర్హతలు, ఎంపిక విధానం, ఫీజులోని అంశాలు, జరిమానాలు, మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు, అధ్యాపకుల్లో ఎవరు రెగ్యులర్, ఎవరు విజిటింగ్, వాళ్ళ అనుభవం ఎంత, భవనాలు, హాస్టల్ వంటివన్నీ అందులో ఉండాలి. మీ చేతికిచ్చిన రంగుల కరపత్రంలో వీటిలో ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

ఫీజు వాపసుకూ యూజీసీ 2018లో స్పష్టమైన మెట్లు పెట్టింది. ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు, అంతకంటే ముందు మానుకుంటే మొత్తం తిరిగి ఇవ్వాలి, ప్రాసెసింగ్ ఖర్చు కింద ఐదు శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా మినహాయించుకోవచ్చు. చివరి తేదీకి ముందు పదిహేను రోజుల లోపల అయితే 90 శాతం, తేదీ దాటాక పదిహేను రోజుల వరకు 80 శాతం, ఆ తర్వాత ముప్పయ్యో రోజు వరకు 50 శాతం, ఆపైన ఏమీ ఉండదు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకు ప్రకారం ప్రభుత్వం కేటాయించే సీట్లలో, కౌన్సెలింగ్ ద్వారా కట్టిన మొత్తానికి మాత్రం ఆ కౌన్సెలింగ్ నిబంధనలు విడిగా చదువుకోవాలి. అదే యూజీసీ ఉత్తర్వు సర్టిఫికెట్ల సంగతీ చెప్పింది: ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. టీసీ ఇచ్చేయడం మామూలే. డిగ్రీ మెమోలు, పదో తరగతి సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని రెండేళ్ళ ఫీజు కడితేనే ఇస్తామంటే అది తప్పు. చేరే ముందే ఈ ప్రశ్న వేయండి, కార్యాలయంలో గుమాస్తా ముఖం చూస్తే తెలిసిపోతుంది.

పేజీలో ఉండనివి, మీరు అడగవలసినవి

పైవన్నీ కళాశాల చెప్పి తీరవలసినవి. అసలు చదువు మాత్రం ఆ పట్టికల్లో పూర్తిగా దొరకదు. మీ చెల్లెలి విషయంలో అన్నిటికంటే పెద్దది మెథడాలజీ. స్కూల్ అసిస్టెంట్ (ఉన్నత పాఠశాలలో సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయుడి) ఉద్యోగానికి డిగ్రీలో ఆ సబ్జెక్టూ ఉండాలి, బి.ఎడ్.లో ఆ మెథడాలజీ కూడా ఉండాలి. నా విద్యార్థిని ఒకామె డిగ్రీలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివింది. గణితం మెథడాలజీ కోసమే చేరింది. తీరా చేరాక "గణితానికి ఈ ఏడాది అధ్యాపకుడు దొరకలేదు, భౌతిక శాస్త్రం తీసుకో, రెండూ ఒకటే" అని యాజమాన్యం మార్పించింది. రెండూ ఒకటి కాదు. డీఎస్సీ వచ్చినప్పుడు ఆమె జిల్లాలో గణితం పోస్టులు బాగా ఉన్నాయి, భౌతిక శాస్త్రం పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆమె గణితానికి దరఖాస్తు చేయలేకపోయింది. ఆమెకు అప్పుడు సర్దిచెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి మీకు కావలసిన మెథడాలజీ ఈ ఏడాది ఉందా, దాన్ని ఎవరు చెబుతారు అన్నది పేరుతో సహా అడగండి.

తర్వాతది ఇంటర్న్‌షిప్. రెండేళ్ళలో కనీసం ఇరవై వారాలు పాఠశాలల్లో గడపాలి, అందులో ఎక్కువ భాగం రెండో ఏడాదిలో వస్తుంది. ఏ పాఠశాలలకు పంపుతారు, అక్కడికి కళాశాల అధ్యాపకులు వచ్చి పాఠాలు గమనిస్తారా, లేక సంతకాలు పెట్టించుకు రమ్మంటారా అని అడగండి. నా దృష్టిలో బి.ఎడ్. అంటే ఈ ఇరవై వారాలే. ముప్పై మంది పిల్లల ముందు నిలబడి, పాఠం మధ్యలో గొంతు తడారిపోయి, వెనుక బెంచీలో కూర్చున్న అధ్యాపకురాలు తర్వాత "నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడావు" అని చెబితే అప్పుడు మనిషి ఉపాధ్యాయుడు కావడం మొదలవుతుంది. మిగతా సిద్ధాంతమంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

హాజరు గురించి కొందరు చేరేముందే ఒక ఆశ చూపిస్తారు: "కళాశాలకు రానక్కరలేదు, ఉద్యోగం చేసుకుంటూ పరీక్షలు రాసుకోవచ్చు, రికార్డులు మేమే రాయించి పెడతాం." నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి 36 గంటలు కళాశాల నడవాలి. "రానక్కరలేదు" అన్న ఒక్క మాటలో ఆ కళాశాల తన గురించి చెప్పవలసినదంతా చెప్పేసింది. అక్కడ అధ్యాపకులు లేరని, ఉన్నా తరగతులు లేవని, హాజరు పట్టిక అబద్ధమని. పైగా ఆ "వెసులుబాటు"కు విడిగా డబ్బు తీసుకుంటారు, పరీక్షల ముందు హాజరు తక్కువైందని మళ్ళీ తీసుకుంటారు. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు దూరవిద్య బి.ఎడ్. అని న్యాయమైన దారి వేరే ఉంది. దానికీ ఎన్‌సీటీఈ గుర్తింపు ఉండాలి, పాఠశాల ఉపాధ్యాయ శిక్షణ ముందే పొందినవారికే అర్హత ఉంటుంది. అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన మీ చెల్లెలికి అది వర్తించదు.

ఇంకొకటి, ఉద్యోగాల గురించి చెప్పే మాటలు. బి.ఎడ్. చేస్తే ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుడు), స్కూల్ అసిస్టెంట్ రెండు పోస్టులకూ వెళ్ళవచ్చని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఉన్నారు. 2018లో ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్ వల్ల ఒకటి నుంచి ఐదు తరగతులకు కూడా బి.ఎడ్. వారికి అవకాశం వచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ప్రాథమిక తరగతులు చెప్పాలనుకునేవారికి దారి డి.ఎల్.ఎడ్. (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) చదువే. ఈ సంగతి దాచి బి.ఎడ్.లో చేర్చుకునే కళాశాలను ఏ విషయంలోనూ నమ్మలేం. టెట్, డీఎస్సీ కోచింగ్ ఉచితం అన్న బోర్డు కూడా అంతే. కోచింగ్ ఉండవచ్చు, మంచిదే. రెండేళ్ళ తరగతులు దాని కిందికి వచ్చేస్తాయేమో చూసుకోండి.

ఇప్పుడు మీకు ఎదురైన రెండు కళాశాలల సంగతి. కార్యాలయంలో నిలబడి వాదించవద్దు, లాభం ఉండదు. గుమాస్తాకు తెలియదు, తెలిసినా చెప్పే అధికారం లేదు. ప్రిన్సిపాల్ పేరు మీద ఒక చిన్న ఉత్తరం రాసి ఈమెయిల్ చేయండి. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం వెబ్‌సైటులో పెట్టవలసిన వివరాలు కనిపించలేదని, గుర్తింపు ఉత్తర్వు, ప్రస్తుత అధ్యాపకుల జాబితా, ఈ ఏడాది మెథడాలజీలు, మొత్తం ఫీజు పంపగలరా అని మర్యాదగా అడగండి. బెదిరింపు మాటలు వద్దు, నిబంధన పేరు ఉంటే చాలు. నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు అలాంటి ఉత్తరాలు ఏడాదికి రెండో మూడో వచ్చేవి. వచ్చిన రోజున మా యాజమాన్యం వెబ్‌సైటు వాడికి ఫోను చేసేది. అప్పటిదాకా మూడేళ్ళ పాతదిగా ఉన్న పేజీ సాయంత్రానికల్లా కొత్తదయ్యేది.

జవాబు రాకపోతే విశ్వవిద్యాలయానికి, దక్షిణ ప్రాంతీయ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. చేరిన తర్వాత అయితే కళాశాలలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన విశ్వవిద్యాలయంలో ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌పర్సన్ ఉంటారు. ఫిర్యాదు తేలడానికి మాత్రం నెలలు పడుతుంది, మీ చెల్లెలి ప్రవేశం ఆగదు. అందుకని ఈ ఏడాదికి మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం వెబ్ ఆప్షన్ల (కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో ఎంచుకునే కళాశాలల) వరుసే. ఉత్తరానికి కాగితంతో జవాబిచ్చిన కళాశాలను, అది పది కిలోమీటర్లు దూరమైనా, పైన పెట్టండి. మాట దాటేసిన దాన్ని కిందికి దించండి, గుర్తింపు చిరునామా కలవకపోతే అసలు పెట్టకండి. ఆప్షన్లలో లేని కళాశాల ఆమెకు కేటాయింపులో రాదు. సీటు వచ్చాక నచ్చలేదని వదులుకునే తలనొప్పి కంటే ముందే పెట్టకపోవడం తేలిక.